తెరిచిన తలుపు: విజయనగరం, శ్రీకాకుళం గ్రంథాలయాలకు మా ప్రయాణం



మాది బొబ్బిలికి కొంత దూరంలో ఉన్న చిన్న పల్లె. సంఘము కూడా చిన్నదే. మా గుడి వెనుక గదిలో ఒక చెక్క బీరువా ఉంది. మా తాతల కాలంలో ఎవరెవరో ప్రేమతో ఇచ్చిన పుస్తకాలు అందులో ఉన్నాయి. బైబిలు వ్యాఖ్యానాలు, భక్తుల జీవిత చరిత్రలు, పిల్లల కథలు, పాత పత్రికల బైండులు, ఇంకా మా పాత పెద్ద ఒకరు పాటలకు రాగాలు గుర్తు పెట్టుకోవడానికి అంచుల్లో సిరాతో రాసుకున్న కీర్తనల పుస్తకం ఒకటి. పుస్తకాలు పోకూడదని బీరువాకు తాళం వేశాము. తాళం చెవి పోకూడదని ఒక పెద్ద ఇంట్లో దాచాము. అలా చాలా ఏళ్ళు గడిచిపోయాయి.

క్రిస్మసు ముందు గుడికి సున్నం వేయాలని గది ఖాళీ చేస్తూ బీరువా తెరిచాము. చెయ్యి వేస్తే పుస్తకం రాలేదు, మట్టి వచ్చింది. గోడ వైపు నుంచి చెదలు పట్టి కింది రెండు అరలూ తినేశాయి. రాగాలు రాసిన కీర్తనల పుస్తకానికి అట్ట మాత్రం మిగిలింది.

అప్పుడు మాలో ఒకరికి ఒక మాట గుర్తుకు వచ్చింది. నాలుగేళ్ళ క్రితం పదో తరగతి చదువుతున్న మా సంఘపు కుర్రవాడొకడు వచ్చి, "బీరువా తాళం ఒకసారి ఇస్తారా? ఒక్క పుస్తకం చదివి ఇచ్చేస్తాను" అని అడిగాడు. "పాడు చేస్తావు బాబూ, పెద్దయ్యాక చూద్దాంలే" అన్నాము. వాడు మళ్ళీ అడగలేదు. చదువు మానేశాడు. ఇప్పుడు హైదరాబాదులో సెంట్రింగు పనిలో ఉన్నాడు. పుస్తకం ఇవ్వనందువల్లే చదువు మానేశాడని మేము అనము. కాని వాడికి ఇవ్వకుండా దాచిన పుస్తకాన్ని చెదలకు ఇచ్చామన్నది మాత్రం నిజం.

రాజుల రెండవ గ్రంథంలో యోషీయా రాజు కాలపు సంగతి మీకు తెలిసినదే. దేవాలయము బాగుచేయిస్తుంటే ధర్మశాస్త్ర గ్రంథము దొరికింది. అది ఎక్కడో పరదేశంలో దొరకలేదు. దేవాలయములోనే దొరికింది. ఇంట్లోనే ఉండి, తెరవక, చదవక, లేనట్టే అయిపోయింది. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ భాగం చదువుకుని మేము తల దించుకున్నాము.

కొత్త పుస్తకాలు కొనడానికి చందా వేద్దామని కొందరు అన్నారు. మరికొందరు, "కొన్నాక మళ్ళీ ఇలాగే చేస్తాము. పుస్తకాలు కాపాడుతూ పదిమందికీ ఇచ్చేవాళ్ళు ఎలా చేస్తారో ముందు చూసి రండి" అన్నారు. అలా మేము నలుగురం బయలుదేరాము. మాలో ఒకరు రిటైరైన పంతులుగారు, ఒకరు పాస్టరమ్మగారు, ఒకరు స్త్రీల సమాజం చూసే అక్క, నాలుగోవాడు పోలీసు ఉద్యోగపు పరీక్షకు చదువుతున్న యువకుడు.

శుక్రవారం ప్రయాణం

పనులు చూసుకుని శుక్రవారం తొలి బస్సు ఎక్కాము. విజయనగరంలో దిగి, గంట స్తంభం దాటి, దారి అడుగుతూ గురజాడ జిల్లా కేంద్ర గ్రంథాలయానికి చేరాము. తలుపు మూసి ఉంది. దగ్గరలో టీ కొట్టాయన మమ్మల్ని చూసి నవ్వాడు.

"ఏటి బాబూ, శుక్రోరం వచ్చినారేటి? శుక్రోరం సెలవు కదా. ఆదోరం రండి, తెరిసుంటాది."

మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. కచేరీలు, బడులు ఆదివారం మూస్తారు కదా, గ్రంథాలయం కూడా అంతేననుకున్నాము. టీ తాగుతూ ఆలోచిస్తే అందులోని తెలివి అర్థమైంది. కూలి పని చేసేవాడికి, ఉద్యోగం చేసేవాడికి, బడికి వెళ్ళే పిల్లవాడికి తీరిక దొరికేది ఆదివారమే. వాళ్ళకు తీరిక ఉన్న రోజున తలుపు తెరిచి ఉండాలని పెద్దలు ఈ ఏర్పాటు చేశారు. మా బీరువా మాత్రం అందరికీ తీరిక ఉన్న ఆదివారం కూడా తెరుచుకోలేదు.

వచ్చినందుకు కోట చుట్టూ నడిచి, గురజాడ అప్పారావుగారు నివసించిన ఇంటి వరకు వెళ్ళాము. 1862లో పుట్టి 1915లో ఈ ఊళ్ళోనే కన్నుమూసిన ఆయన, ఆయన స్నేహితుడు గిడుగు రామమూర్తి పంతులుగారు, ఇద్దరూ విజయనగరంలో చదువుకున్నవారే. గిడుగువారు 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ, కొండల్లోని సవరల భాష నేర్చుకుని, వారి భాషలోనే వారికి చదువు చెప్పడానికి పాఠ పుస్తకాలు తయారు చేశారు. జనం మాట్లాడే తెలుగులో పుస్తకాలు ఉండాలని జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. పుస్తకం అర్థం కాకపోతే బీరువా తెరిచినా మూసినా ఒకటే. అర్థమయ్యే పుస్తకం కోసం వాళ్ళు పోరాడారు, దాన్ని చేతికి అందించే పనిని గ్రంథాలయాల వాళ్ళు తలకెత్తుకున్నారు.

ఒక పుస్తకం ప్రయాణం

మరుసటి వారం శనివారం మళ్ళీ వెళ్ళాము. తలుపు తీసి ఉంది. లోపలికి వెళ్ళగానే బల్ల మీద ఒక రిజిస్టరు. పేరు, ఊరు రాసి సంతకం చేశాము. మా అక్క బడి చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. కలం పట్టుకుని ఆమె కాస్త జంకితే, అక్కడ కూర్చున్న ఉద్యోగి, "తొందర లేదమ్మా, మెల్లగా రాయండి" అన్నారు. ఆ ఒక్క మాటతో ఆమెకు అక్కడ చనువు కలిగింది.

ముందుగా పత్రికల బల్ల. పొద్దున్నే అన్ని దినపత్రికలూ వచ్చి ఉన్నాయి. ఒక పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని ఒక్కొక్క పేజీ తిప్పుతున్నారు. పక్కన రిక్షా ఆపి వచ్చినతను సినిమా పేజీ చూసి, తర్వాత వానల కబురు చదివి వెళ్ళిపోయాడు. ఎవరూ అతన్ని ఎందుకొచ్చావని అడగలేదు. ఇంకో వైపు యువతీ యువకులు పోటీ పరీక్షల పుస్తకాలు ముందేసుకుని, అన్నం క్యారేజీలు కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. మా యువకుడు మాకు చెప్పకుండానే వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చున్నాడు. వాడు కొనలేక మానేసిన పుస్తకం అక్కడ ఊరికే చదువుకోవడానికి దొరికింది.

మేము వచ్చిన పని చెప్పగానే గ్రంథపాలకులు ఓపికగా అంతా వివరించారు. మీకూ ఉపయోగపడుతుందని రాస్తున్నాము.

పుస్తకం రాగానే మొదట దాన్ని చేర్పు రిజిస్టరులో ఎక్కిస్తారు. ప్రతి పుస్తకానికి ఒక వరుస సంఖ్య. పుస్తకం పేరు, రచయిత, వెల, ఎక్కడ నుంచి వచ్చింది, అన్నీ ఆ వరుసలో రాస్తారు. ముఖపత్రం మీద, లోపల ఒక పేజీ మీద ముద్ర వేస్తారు. తర్వాత విషయాన్ని బట్టి అంకె వేస్తారు. మెల్విల్ డ్యూయీ అనే అమెరికా గ్రంథపాలకుడు 1876లో ప్రకటించిన పద్ధతి ఇది. లోకంలోని విషయాలన్నిటినీ పది భాగాలు చేసి, ఒక్కొక్క దాన్ని మళ్ళీ పది చేసుకుంటూ పోతారు. మత గ్రంథాలకు 200, అందులో బైబిలుకు 220. తెలుగు సాహిత్యానికి 894.827. అంకె తెలిస్తే ఎవరైనా ఏ ఊరి గ్రంథాలయంలోనైనా తమ పుస్తకం ఎక్కడుందో పట్టుకోవచ్చు.

పుస్తకం వెనుక అట్ట లోపల ఒక చిన్న కాగితపు సంచి, అందులో ఒక కార్డు, ఎదుట తేదీల చీటీ. ఇంటికి తీసుకెళ్ళాలంటే సభ్యత్వం ఉండాలి. కొద్దిపాటి ధరావతు కట్టాలి, తెలిసినవారు ఎవరైనా పూచీ సంతకం చేయాలి. సభ్యత్వం వద్దనుకుంటే ఆ ధరావతు తిరిగి ఇచ్చేస్తారు. పుస్తకం ఇచ్చినప్పుడు కార్డు వీళ్ళ దగ్గర ఉంచుకుని, చీటీ మీద తిరిగి ఇవ్వవలసిన తేదీ వేస్తారు.

ఆ తేదీల చీటీలు మమ్మల్ని ఆపేశాయి. ఒక పుస్తకం తెరిస్తే చీటీ నిండా ముద్రలు. చీటీ చాలక ఇంకొకటి అతికించారు. అట్ట నలిగింది, అంచులు మాసిపోయాయి. ఇంకొక పుస్తకం తళతళలాడుతోంది. చీటీ మీద ఒక్క ముద్ర కూడా లేదు. "ఏది మంచి స్థితిలో ఉంది?" అని గ్రంథపాలకులు నవ్వుతూ అడిగారు. మేము జవాబు చెప్పలేదు. మా బీరువా గుర్తుకు వచ్చింది.

మరి చెదల సంగతి? దానికీ ఉపాయం చెప్పారు. బీరువాను గోడకు ఆనించకూడదు, జానెడు దూరం ఉంచాలి. నేల తగలకుండా కాళ్ళ కింద ఇటుకలు పెట్టాలి. వారానికి ఒకసారైనా దుమ్ము దులపాలి. చిరిగిన పుస్తకాన్ని అతికించే మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం కలపాలి, అది పురుగును రానివ్వదు. తుత్తం విషం కనుక పిల్లలకు అందనివ్వకూడదు, చేతులు కడుక్కోవాలి. చివరగా ఒక మాట అన్నారు. "అన్నిటికంటే మంచి మందు మనిషి చెయ్యండి. రోజూ ఎవరో ఒకరు తీసి చదివే పుస్తకాన్ని చెదలు ముట్టవు."

మన ఇంటి పన్నులోని పైసలు

మధ్యాహ్నం రైలెక్కాము. చీపురుపల్లి, పొందూరు దాటి ఆమదాలవలసలో దిగితే అదే శ్రీకాకుళం రోడ్డు స్టేషను. అక్కడ నుంచి పట్నానికి మళ్ళీ బస్సు. రైల్లో మా మాటలన్నీ ఒక లెక్క గురించే.

ఈ గ్రంథాలయాలు ఎవరి డబ్బుతో నడుస్తాయి? ప్రభుత్వం డబ్బు అని మేము అనుకునేవాళ్ళము. అది సగమే నిజం. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం జిల్లాకొక గ్రంథాలయ సంస్థ ఉంది. పంచాయతీ గాని మునిసిపాలిటీ గాని మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేసి ఆ సంస్థకు జమ చేయాలి. ఇంటి పన్ను 500 రూపాయలైతే అందులో గ్రంథాలయానికి 40 రూపాయలు. ఇంటికి వచ్చాక మా పాత రశీదులు తీసి చూశాము. నిజమే, గ్రంథాలయ పన్ను అని వేరే గడి ఉంది. ఇన్నేళ్ళుగా కడుతున్నాము, ఒక్కసారైనా చదవలేదు. అంటే ఆ పుస్తకాల్లో మా పైసలు కూడా ఉన్నాయి. మేము అక్కడికి వెళ్ళేది ఒకరి దయ కోసం కాదు, మా ఇంటికి మేము వెళ్ళినట్టే.

ఈ చట్టం ఊరికే రాలేదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్యగారు దాని వెనుక నిలిచారు. 1890లో పుట్టి 1979 వరకు జీవించిన ఆయన తన బ్రతుకంతా గ్రంథాలయాలకే ఇచ్చారు. ఊరూరా తిరిగి, అరుగుల మీద, సావడుల్లో పఠనాలయాలు పెట్టించారు. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి, కాలువ గట్టు ఊళ్ళకు తీసుకెళ్ళారు. చదివేవాడు పుస్తకం దగ్గరకు రాలేకపోతే పుస్తకమే వాడి దగ్గరకు వెళ్ళింది. ఫిలిప్పు పరుగెత్తి వెళ్ళి ఐతియొపీయుని రథము కలుసుకున్నాడు కదా, ఆ సంగతి గుర్తు చేసుకోండి. ఆ అధికారి చేతిలో గ్రంథం ఉంది, పక్కన కూర్చుని విప్పి చెప్పే మనిషి కావలసి వచ్చాడు.

శ్రీకాకుళంలో సాయంత్రం

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి దగ్గర దిగేసరికి పొద్దు వాలింది. జిల్లా కేంద్ర గ్రంథాలయంలో దీపాలు వెలుగుతున్నాయి. ఒక తల్లి చేపల బుట్ట బయట పెట్టి, లోపల బొమ్మల పుస్తకం చూస్తున్న కూతురి కోసం గుమ్మంలో నిలబడి ఉంది. "ఇంకొక్క పేజీ అమ్మా" అంటోంది పిల్ల. తల్లి విసుక్కోలేదు.

ఇక్కడ మేము అడిగింది మా పల్లె గురించి. జిల్లా కేంద్రంలో పెద్ద గ్రంథాలయం ఉంటే మా పిల్లలకేమి లాభం? వాళ్ళు చెప్పిన ఏర్పాటు ఇది. జిల్లా కేంద్ర గ్రంథాలయం కింద శాఖా గ్రంథాలయాలు, గ్రామీణ గ్రంథాలయాలు ఉంటాయి. అవి ఎక్కువగా పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరుస్తారు. అవీ లేని ఊళ్ళకు పుస్తక నిక్షిప్త కేంద్రం అని ఒక పద్ధతి ఉంది. ఊళ్ళో ఒకరు బాధ్యత తీసుకుని చోటు చూపిస్తే, దగ్గరలోని శాఖ నుంచి కొన్ని పుస్తకాలు ఆ ఊరికి ఇచ్చి, అవి చదవడం అయ్యాక తీసుకుని వేరే పుస్తకాలు ఇస్తారు. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. పిల్లలకు వ్యాసరచన, వక్తృత్వం, చిత్రలేఖనం పోటీలు పెడతారు. వేసవి సెలవుల్లో కథలు చదివించే శిబిరాలు నడుపుతారు. ఇవన్నీ మన సండేస్కూలు పిల్లలకూ తెరిచినవే.

అన్నీ సవ్యంగా ఉన్నాయని చెప్పితే అబద్ధమవుతుంది. మాకు దగ్గరలోని ఒక శాఖలో పైకప్పు కారుతుంది, పుస్తకాలు తడవకుండా గోనెలు కప్పుతారు. ఒకే ఉద్యోగి రెండు చోట్ల చూడవలసి వచ్చి, తాళం వేసి ఉన్న రోజులే ఎక్కువ. పన్ను వసూలైనా సంస్థకు జమ కావడం ఆలస్యమైతే కొత్త పుస్తకాలు రావు. అయినా మేము ఎవరినీ నిందించలేము. ఆ శాఖ మూసి ఉన్నా ఇన్నేళ్ళలో ఎందుకని అడిగినవారు మా ఊళ్ళో ఒక్కరు లేరు. పాఠకుడు రాని గ్రంథాలయం తెరిచి ఉండడం కష్టం, తెరిచి లేని గ్రంథాలయానికి పాఠకుడు రావడం కష్టం. ఎవరో ఒకరు ముందు అడుగు వేయాలి.

ఆదివారం

ఆ రాత్రి ఎరిగినవారింట ఉండి, ఆదివారం ఉదయం పట్నంలోని సంఘముతో కలిసి ఆరాధించాము. ఆరాధనలో కూర్చుని మాలో పంతులుగారు ఈ నేల సంగతి తలచుకున్నారు. 1805లో విశాఖపట్నం వచ్చిన లండను మిషను సేవకులు జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ తెలుగు నేర్చుకుని సువార్తలను తెలుగు చేయడానికి పూనుకున్నారు. క్రాన్‌గారు 1809లో ఈ శ్రీకాకుళంలోనే కన్నుమూశారు. మరుసటి ఏడు డెస్ గ్రాంజెస్‌గారు పోయారు. ఆనందరాయర్ అనే తెలుగు విశ్వాసి వారికి అనువాదంలో తోడ్పడ్డారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812 నాటికి శ్రీరాంపూరులో తెలుగులో అచ్చయ్యాయి. ఆ ఇద్దరూ అచ్చు పుస్తకాన్ని కంటితో చూడలేదు. చదివేది మనమని వారికి తెలుసు, అందుకే ఆ పని చేశారు. అటువంటి వారి చేతుల మీదుగా వచ్చిన పుస్తకాలను మేము చెదలకు వదిలేశాము.

మధ్యాహ్నం ముందుగా కబురు చేసి విశాఖ ఎ కాలనీలోని కథానిలయానికి వెళ్ళాము. ఇది ప్రభుత్వ గ్రంథాలయం కాదు. ఒక బడిపంతులు కట్టిన పుస్తకాల ఇల్లు. కాళీపట్నం రామారావుగారిని ఈ ప్రాంతమంతా కారా మాస్టారు అంటుంది. 1924లో శ్రీకాకుళం జిల్లా మురపాకలో పుట్టారు. విశాఖపట్నం సెయింట్ ఆంథోనీ హైస్కూలులో మూడు దశాబ్దాలు పాఠాలు చెప్పి 1979లో రిటైరయ్యారు. ఈ ప్రాంతపు పేద రైతుల, కూలీల కష్టాలను కథలుగా రాశారు. 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పురస్కారాల సొమ్మును సొంతానికి వాడుకోక, తెలుగులో వచ్చిన ప్రతి కథనూ ఒక్క చోట చేర్చాలని పూనుకుని, 1997 ఫిబ్రవరి 22న ఈ కథానిలయాన్ని ప్రారంభించారు. 2021 జూన్ 4న, తొంభై ఆరేళ్ళ వయస్సులో ఆయన కన్నుమూశారు.

లోపల పాత వారపత్రికలు, మాసపత్రికలు, కథల సంపుటాలు బీరువాల నిండా ఉన్నాయి. ఇక్కడ పుస్తకాలు ఇంటికి ఇవ్వరు, అక్కడే కూర్చుని చూసుకోవాలి. ఎక్కడెక్కడివారో తమ అటకల మీది పాత పత్రికలు తెచ్చి ఇస్తే ఇంత సేకరణ అయింది. ఇప్పుడు ఎన్నో కథలను ఫొటోలు తీసి కంప్యూటరులోకి ఎక్కించారు, లోకంలో ఎక్కడున్న తెలుగువాళ్ళయినా చూసుకోవచ్చు. మన అటకల మీద మూలుగుతున్న కాగితాలు చిత్తు కాగితాలవాడికి వేసే ముందు ఒకసారి ఆలోచించాలి అనిపించింది.

మాలో అక్క ఒక ప్రశ్న వేసింది. "కారా మాస్టారు కూడా దాచారు, మనమూ దాచాము. తేడా ఏమిటి?" కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. తర్వాత ఆమే చెప్పింది. "ఆయన అడిగినవాళ్ళకి చూపించడానికి దాచారు. మనం అడిగినవాళ్ళకి లేదనడానికి దాచాము." ఆ రోజు ఉదయం విన్న ప్రసంగంతో పాటు ఆ మాట కూడా మా మనస్సుల్లో నాటుకుపోయింది.

తిరిగి వచ్చాక

ఒకప్పుడు ఐరోపాలో చర్చీలలో పుస్తకాలను బీరువాలకు ఇనుప గొలుసులతో కట్టేవారు. ఇంగ్లండులోని హియర్‌ఫర్డ్ పెద్ద గుడిలో ఆ గొలుసుల పుస్తకాలు నేటికీ ఉన్నాయి. చేత్తో రాసే పుస్తకం అరుదు కనుక ఆ కాలంలో అది తప్పు కాదు. కాని మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పునాది వేసిన రంగనాథన్‌గారు 1931లో తన అయిదు సూత్రాలను ప్రకటించినప్పుడు, పుస్తకం ఉన్నది వాడకానికే అన్న సంగతిని మొదటి సూత్రం చేశారు. అంత చిన్న మాటను సూత్రంగా రాయవలసి వచ్చిందంటే, గొలుసులు ఇనుపవే కానక్కరలేదని ఆయనకు తెలుసు.

పౌలు భక్తుడు చెరసాలలో చలికి వణుకుతూ తిమోతికి రాసిన ఉత్తరంలో తన అంగీతో పాటు పుస్తకాలు కూడా తెమ్మని అడిగాడు. మరణం దగ్గరపడినవాడికే పుస్తకం అవసరమైతే, బ్రతుకు ముందున్న మన పిల్లలకు ఇంకెంత అవసరం!

మేము చేసినది చిన్న పనే. బీరువాను గోడకు జానెడు దూరం జరిపి, కాళ్ళ కింద ఇటుకలు పెట్టాము. బాగున్న పుస్తకాలు నలభై మూడు తేలాయి. చిరిగినవాటిని అతికించాము. అరవై పేజీల నోటుబుక్కు ఒకటి కొని చేర్పు రిజిస్టరు చేశాము. ప్రతి పుస్తకంలో తేదీల చీటీ అంటించాము. తాళం తీసేయలేదు, రాత్రిళ్ళు వేస్తున్నాము. కాని తాళం చెవి ఇప్పుడు పెద్దల ఇంట్లో లేదు, గుమ్మం పక్క మేకుకు వేలాడుతోంది. ఆదివారం ఆరాధన తరువాత గంటసేపు, బుధవారం సాయంత్రం గంటసేపు తెరుస్తాము. అక్కే బాధ్యురాలు. మతంతో నిమిత్తం లేకుండా ఊళ్ళో ఎవరైనా రావచ్చు. మొదటి నెలలో పదిహేడు పుస్తకాలు ఇళ్ళకు వెళ్ళాయి, పదహారు తిరిగి వచ్చాయి. రాని ఒక్కదాని గురించి ఎవరూ కేకలు వేయలేదు.

మా యువకుడు వారానికి రెండు రోజులు విజయనగరం వెళ్ళి చదువుకుంటున్నాడు. పుస్తక నిక్షిప్త కేంద్రం కోసం ఊరి తరఫున అర్జీ పెట్టాము. జవాబు కోసం చూస్తున్నాము.

ప్రియమైన పాఠకులారా, మీరు కూడా ఈ మాసం నాలుగు పనులు చేయండి. మీ ఇంటి పన్ను రశీదు తీసి గ్రంథాలయ పన్ను గడి చూడండి. మీ దగ్గరి శాఖా గ్రంథాలయానికి ఒక సాయంత్రం పిల్లలను తీసుకెళ్ళండి, శుక్రవారం మాత్రం వద్దు. అది మూసి ఉంటే ఊరివారు కలిసి మర్యాదగా అర్జీ రాయండి. మీ గుడిలో తాళం వేసిన బీరువా ఉంటే, దయచేసి ఈ ఆదివారమే తెరవండి.

మా సభ్యుల పుస్తకంలో రెండవ సంఖ్య నుంచి పేర్లు మొదలవుతాయి. మొదటి సంఖ్య ఎదుట, హైదరాబాదులో సెంట్రింగు పనిలో ఉన్న మా కుర్రవాడి పేరు రాసి ఉంచాము. సంగతి ఫోనులో చెబితే కాసేపు పలకలేదు. తర్వాత, "ఆ భక్తుడి కథల పుస్తకం ఉందా, చెదలు తినేశాయా?" అని అడిగాడు. ఏ పుస్తకం కావాలో నాలుగేళ్ళయినా వాడు మరచిపోలేదు.

అది పై అరలో ఉంది, బాగానే ఉంది. సంక్రాంతికి వస్తానన్నాడు. ఆ పుస్తకం తేదీల చీటీ మీద మొదటి ముద్ర వాడి కోసం ఖాళీగా ఉంచాము. దేవుడు వాడిని క్షేమంగా ఇంటికి చేర్చునట్లు మీ ప్రార్థనలలో జ్ఞాపకము చేసుకోండి.